గున్న వెనక నడిచిన ఊరు

హవల్దారు గురుగుబెల్లి దమయంతి బండి వేగాన్ని మనిషి నడకకు తగ్గించింది. బండి వెనక జరుగుతున్నదంతా ఎదురుగా ఉన్న చిన్న తెరలో కనిపిస్తోంది. కుడి చక్రాల గాడిలో ఒక వరస, ఎడమ చక్రాల గాడిలో ఇంకో వరస. నెత్తిన నీళ్ళ డబ్బాలు, వీపున పిల్లలు, భుజాన పారలు. మేకలను కూడా తాళ్ళు కట్టి గాడిలోనే నడిపిస్తున్నారు. ఒక మేక పక్కనున్న గడ్డికి మూతి చాపగానే దాని వెనకున్న ముసలమ్మ తాడు లాగి వీపు మీద ఒక్కటి వేసింది.

"అక్కా, ఇంకాస్త నిదానం. చివర్లో నిండు చూలాలు ఉంది," అన్నాడు వెనక సీట్లోంచి సిపాయి యాకోబు.

"ఇంతకన్నా నిదానమంటే బండి నిలబడిపోద్దిరా," అంటూనే దమయంతి ఇంకొంచెం తగ్గించింది.

పక్క సీట్లో ఉన్న నాయక్ కోరాడ సింహాద్రి దూరంగా కనిపించే గట్లను దుర్భిణి గాజుకళ్ళతో గాలిస్తూ నవ్వాడు. అతని వైపు అక్కను అప్పా అని పిలుస్తారు. "మనది గస్తీ కాదప్పా, ఊరేగింపు."

సెంబారా లోయలో రోజూ ఉదయం ఇలాగే ఉంటోంది. శాంతిసేన బండి శిబిరం గేటు దాటే వేళకి ఊరి జనం అక్కడ సిద్ధంగా నిలబడి ఉంటారు. బండి ఎటు వెళితే వాళ్ళూ అటే. బావి వైపు వెళితే ఆ రోజు నీళ్ళు, వాగు వైపు వెళితే కట్టెలు, సంత వైపు వెళితే సంత.

ఒక తరం పాటు సాగిన యుద్ధంలో రెండు పక్షాలూ ఆ లోయ నిండా మందుపాతరలు చల్లాయి. ఆకాశం నుంచి, విత్తనాలు చల్లినట్టు. అవి ఇనుపవి కావు, పింగాణీవి. చేతిలో పట్టుకు తిరిగే పాత పరికరాలకు అందవు. సంధి కుదిరి సేనలు వెనక్కి తగ్గినా పాతరలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వాటిని ఏరే దళాలు ప్రపంచమంతా కలిపినా కొన్నే. సెంబారా వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

సంధిని కాపాడటానికి వచ్చిన సైనికుల కోసం తయారైన బండి పేరు కాగితాల్లో భూకవచం. దళంలో అందరూ గున్న అంటారు. గున్న ఏనుగులా బలిసిన ఒళ్ళు, పొట్టి ముక్కు. దాని అడుగుభాగం పడవ అడుగులా కోసుగా ఉంటుంది. కింద పాతర పేలితే ఆ దెబ్బ రెండు పక్కలకీ చీలిపోవాలని అలా చేశారు. లోపలి సీట్లు నేలను తాకవు. పైకప్పు నుంచి వేలాడే ఊయలపీటలు అవి. పాదాలు ఆనించుకోవడానికి కూడా వేలాడే పట్టీలే. బండి ముక్కులో ఉండే నేలచూపు మట్టిలో దాగిన పాతరను కనిపెట్టి తెర మీద ఎర్ర చుక్కగా చూపిస్తుంది. ఆ చుక్కల మధ్యనుంచి దారినేత అనే యంత్రబుద్ధి రోజుకొక కొత్త దారి అల్లుతుంది. గట్ల మీద ఇంకా తిరుగుతున్న సాయుధ ముఠాలు పాత జాడల్లో కొత్త పాతర పెట్టవచ్చు కనుక, నిన్న వెళ్ళిన దారిన ఇవాళ వెళ్ళకూడదు. అది మొదటి నియమం.

గున్న వచ్చాక దళంలో ఏ సైనికుడూ పాతర వల్ల చనిపోలేదు. శ్రీకాకుళం జిల్లాలో దమయంతి తల్లి గున్న బొమ్మకు చట్రం కట్టించి దేవుడి గూట్లో పెట్టుకుంది. "నా బిడ్డని కడుపులో దాసుకునే తల్లి అది," అంటుంది ఎవరైనా నవ్వితే.

గున్నను తయారుచేసినవాళ్ళు లోపల కూర్చునే ముగ్గురి గురించీ చాలా ఆలోచించారు. వెనక నడిచేవాళ్ళు ఉంటారని వాళ్ళకు తోచలేదు.

మొదట గాడిలో కాలు పెట్టినది ఒయానా. దమయంతి లోయకు వచ్చిన కొత్తలో ఒకరోజు వెనక తెరలో ఒక ఆడమనిషి కనిపించింది. చక్రం జాడ అంచున నిలబడి చాలాసేపు కిందికే చూసింది. తరవాత ఒక పాదం పెట్టింది. రెండోది పెట్టింది. దమయంతి బండి ఆపి, మైకు గొట్టంలో వెనక్కి పొమ్మని అరిచింది. ఆ మాటను ఆ దేశపు భాషలోకి మార్చే, ఆమె మెడలో వేలాడే మాటవారధి, బదులుగా వచ్చిన మాటను తెలుగు చేసి వినిపించింది.

"ఇంతటి భారమైన మృగము నడచిన చోట నేను నడువజాలనా?"

మాటవారధికి అప్పటికి గ్రాంథికం తప్ప తెలియదు. దమయంతికి నవ్వాగలేదు. ఆ మరునాటి నుంచి వెనక్కి పొమ్మనలేదు కూడా. ఇన్నాళ్ళుగా దమయంతి మాటలే వింటూ మాటవారధి కూడా మారిపోయింది. ఇప్పుడు లోయలో జనం నోరు విప్పితే దాని గొంతులో పలాస, టెక్కలి పలుకుతాయి.

ఆ ఉదయం బావి దగ్గర బండి ఆగినప్పుడు ఒయానా గాడిలోనే నడిచి కిటికీ పక్కకు వచ్చింది. నలభై దాటని మనిషి. ఎండకు కమిలిన ముఖంలో కళ్ళు మాత్రం ఎప్పుడూ ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఉంటాయి.

"బావున్నావేటి సెల్లీ? రాత్తిరి వాన పడ్డాది, సూసినావా?"

"సూసాను అప్పా. పంటకి మంచిదే కదా."

"మంచిదేటి, బంగారం. మీ బండి తొక్కిన నేల మెత్తగయ్యి నీరు నిలబడ్డాది. జొన్న గింజలు అందులోనే జల్లేసినాం."

దమయంతి ఆ మాటను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని వారాలు గడిచాక కొండ మలుపు నుంచి లోయలోకి దిగుతూ చూసింది. ఎర్రమట్టి మీద పచ్చటి గీతలు. జంట జంటగా, వంపులు తిరుగుతూ, ఒకదాన్నొకటి దాటుకుంటూ ఊరి నుంచి బావికి, బావి నుంచి వాగుకి. తను తోలిన ప్రతి దారీ మొలకెత్తి నిలబడింది. సింహాద్రి గాజుకళ్ళు దించేసి, "ఓలమ్మ!" అన్నాడు. యాకోబు సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆ గీతలను పైన తిరిగే సేన ఉపగ్రహం, ఆకాశనేత్రం కూడా చూసింది.

*

మేజర్ ఇలియాస్ దమయంతిని తన గదికి పిలిపించాడు. ఆయనది ఆదోని. కోపం వచ్చినా గొంతు పెరగదు. ఆ రోజు ఆయన ముఖంలో కోపం లేదు, ఇబ్బంది ఉంది.

"కూర్చో దమయంతీ. పై నుంచి ఉత్తర్వు వచ్చినాది. మన బండ్లు యాడ తిరిగినాయో పంటతో రాసిపెట్టినట్టు ఉందంట. గట్టు మీద నిలబడి చూస్తే ఎవడికైనా అర్థమైపోతుందంట."

"అది నిజమే సార్."

"అందుకని బండి వెనక జాడచెరుపు కట్టమన్నారు. గాలితో మట్టి ఊది, కుచ్చుతో నున్నగా తుడిచేస్తాది. చక్రం పోయినట్టే తెలీదు."

"మరి ఆ జనం సార్?"

"నేనూ రాసినాను. ఆ జనం నడిచేదానికి దారి కావాలని రాసినాను. వాళ్ళు చెప్పేది కూడా తప్పని నేను అనలేను. రేపు ఒకడు ఆ గాడిలో కొత్త పాతర పెడితే ముందు పోయేది నువ్వు కాదు, నీ వెనక వచ్చే ఆ చూలాలు. అది ఆలోచించినావా?"

ఆలోచించలేదని కాదు. ఆలోచించిన రోజుల్లో నిద్ర పట్టక ఆ ఆలోచనను పక్కకు తోసేసింది. దమయంతి లేచి సెల్యూట్ చేసి బయటికి వచ్చింది.

జాడచెరుపుతో బయలుదేరిన మొదటి ఉదయం జనం ఎప్పటిలాగే గేటు దగ్గర ఉన్నారు. గున్న వాళ్ళను దాటి వెళ్ళింది. వెనక తెరలో దుమ్ము లేచి అణిగింది. అణిగిన చోట నేల ఈతచాప పరిచినట్టు నున్నగా ఉంది. ముందు వరసలో ఉన్న ఒయానా ఎత్తిన పాదం ఎత్తినట్టే ఉంచి, మెల్లగా వెనక్కి తీసుకుంది.

దమయంతి బండి ఆపి మాటవారధిలో చెప్పింది. "అప్పా, ఇది నా సేతిలో లేదు. మా పేనాలకి మంచిదని పెద్దోళ్ళు పెట్టినారు. పాత గాడుల్లోనే నడవండి. కొత్తవి ఉండవు."

బదులుగా ఒయానా గొంతు వినిపించింది. "మీకూ తల్లులున్నారు కదా సెల్లీ. ఇన్నాళ్ళూ నడిపించినావు. నీ రుణం మాకు తెలుసు. ఎల్లు."

తిట్టి ఉంటే దమయంతికి తేలికగా ఉండేది.

మరునాటి నుంచి గేటు దగ్గర ఎవరూ లేరు. జనమంతా లోయకు రెండు వైపులా ఉన్న రాతి వాలుల మీద కూర్చుని కనిపించారు. పాతరలు లేని చోటు అదొక్కటే. కొందరు తూర్పు వాలు మీద, కొందరు పడమటి వాలు మీద. గున్న కదిలినంతసేపూ వాళ్ళ తలలు దానితోపాటే తిరిగేవి. ఎవరూ చెయ్యి ఊపలేదు, అరవలేదు. ఊరికే చూసేవాళ్ళు.

"అలగ సూత్తారేటి అప్పా వాళ్ళు?" అన్నాడు సింహాద్రి ఒకరోజు. "నాకు ఒంట్లో అదోలా ఉంటంది."

"సూడనీరా. మనం సేసినదానికి సూపులేగా, రాళ్ళు కాదు." దమయంతి ఆ వాలుల వైపు కళ్ళెత్తడం మానేసింది.

*

వానలు తగ్గి, దుమ్ముగాలులు మొదలైన రోజుల్లో జరిగింది అది. గున్న చీలికరాయి అనే పెద్ద బండను దాటి లోయ నడిమధ్యకు వచ్చింది. ఎర్ర చుక్కలు తెర నిండా ఉన్నాయి. దారినేత వాటి మధ్య పాములా మెలికలు తిప్పుతోంది. తెర మీద లేనిది ఒకటి కింద ఉంది. వానలకు జారి, ఒకదాని మీద ఒకటి చేరి, వాగు మేటలో లోతుగా కూరుకుపోయిన రెండు పాతరలు. నేలచూపు చిట్టచివరి క్షణంలో కనిపెట్టింది.

"కాళ్ళు!" అంది బండి.

ముగ్గురూ పాదాలు పట్టీల్లోకి ఎత్తారు. తరవాత చప్పుడు. చెవులతో విన్న చప్పుడు కాదది, ఎముకలతో విన్నది. ఊయలపీటలు పైకప్పుకు తగిలేంత ఎత్తుకు లేచి, ఊగి, ఊగి, ఆగాయి. దీపాలన్నీ ఆరిపోయాయి.

"యాకోబూ?"

"ఉన్నా అక్కా. ప్రభువా... ఉన్నా."

"సింహాద్రీ?"

మూలుగు వినిపించింది. సామాన్ల పెట్టె ఊడి అతని కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. కాని ముగ్గురూ బతికే ఉన్నారు. దమయంతి చీకట్లో చెయ్యి చాపి గున్న గోడను నిమిరింది. ముందు ఇరుసు ఎగిరిపోయి, చక్రాలు రెండూ ఎక్కడో పడి, ఇంత దెబ్బ తిని కూడా తమ ముగ్గురి ప్రాణం పోనివ్వకుండా అడ్డం నిలబడింది అది.

అప్పుడు వాసన తగిలింది. చేదుగా, ముక్కును కొరుకుతున్నట్టు. సీట్ల వెనక, బండిని నడిపే విద్యుత్ కోశాలు వేడెక్కి పొగ వదులుతున్నాయి.

యాకోబు జేబులోని చిన్న రేడియో మాత్రం పలికింది. దుమ్ముగాలిలో ఎగిరే బండ్లు లేవలేవు, రెండో గున్న లోయకు ఆ చివర ఉంది, సాయంత్రానికి గాని రాలేదు అన్నాడు మేజర్. "బండిలోనే ఉండండి. కిందికి మాత్రం దిగొద్దు."

"ఉండలేం సార్. అంటుకునేట్టు ఉంది."



ముగ్గురూ పై మూత తెరుచుకుని కప్పు మీదికి చేరారు. సింహాద్రిని పైకి లాగడానికి చాలాసేపు పట్టింది. కప్పు అప్పటికే వెచ్చగా ఉంది. దమయంతి వెనక్కి తిరిగి చూసింది. వచ్చిన దారి లేదు. జాడచెరుపు తన పని పూర్తిగా చేసింది. బండి తోక దగ్గర నుంచి కనుచూపు మేర నేల నున్నగా, ఒక్క మడత లేకుండా ఉంది.

"మనం ఎట్నుంచి వచ్చాం అక్కా?" అన్నాడు యాకోబు.

ఆమెకు తెలియదు. ఆమె చూసింది తెరను, నేలను కాదు. ఆ తెరలోని పటం బండి దెబ్బ తినగానే తనంతట తనే చెరిగిపోయింది. శత్రువు చేతికి చిక్కకుండా అలా ఏర్పాటు చేశారు. కిందికి దూకి నాలుగడుగులు వేస్తే బతకవచ్చు, బతక్కపోవచ్చు. ఆమె సింహాద్రి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తూర్పు వాలు మీద అలికిడి అయింది. జనం దిగుతున్నారు.

"వద్దు! రావద్దు! ఆగండి!" దమయంతి లేచి రెండు చేతులూ ఊపింది. వాళ్ళు ఆగలేదు. చీలికరాయి దగ్గర వాలు దిగి, ఒకరి వెనక ఒకరుగా, నున్నటి నేల మీదికి నడిచారు. ముందు ఒయానా మామగారు బాటెల్, బక్కపలచటి ముసలాయన. వెనక ఒయానా, ఆ వెనక ఇంకొందరు. కాసిన్ని అడుగులు వేస్తున్నారు, ఆగుతున్నారు. ముసలాయన తల తిప్పి వెనక చీలికరాయిని, ముందు రెండు కొండల మధ్య సందును ఒక వరసలోకి తెచ్చుకుంటున్నాడు. పడమటి వాలు మీదున్నవాళ్ళు చేతులెత్తి కేకలు పెడుతున్నారు. ఆ కేక విని ఆయన పక్కకు తిరుగుతున్నాడు. మళ్ళీ కాసిన్ని అడుగులు. గున్న తిరిగిన ప్రతి మెలికా వాళ్ళు తిరుగుతున్నారు.

దమయంతి చేతులు వాటంతటవే కిందికి దిగాయి. "ఒరే... వాళ్ళు మన తోవలో వత్తన్నార్రా."

చెదలపుట్ట దగ్గర వరస ఆగిపోయింది. అక్కడి నుంచి బండి దాకా పెద్ద దూరం లేదు. మాటవారధి అందుకునేంత దగ్గర. వాళ్ళలో వాళ్ళు గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ ఉదయం బండి పుట్టను దాటే సమయంలో గాలి దుమ్ము లేపింది. పుట్టకు కుడిపక్క నుంచి వెళ్ళిందని ఒయానా అంటోంది. ఎడమ పక్క నుంచి అని బాటెల్. పడమటి వాలు నుంచి కేక రాలేదు. వాళ్ళకూ కనబడలేదు.

"అందరూ ఇక్కడే ఉండండి," అన్నాడు ముసలాయన. "నాను ముందెల్తాను. తప్పయితే మీకు తెలిసిపోద్ది. అప్పుడు రెండో పక్క నుంచి రండి."

"మామా, వద్దు!"

"తాతా, వద్దు! నీ కాళ్ళట్టుకుంటాను, వద్దు!" దమయంతి కప్పు మీద నుంచి అరిచింది.

బాటెల్ ఎవరి మాటా వినిపించుకోలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. పుట్టకు ఎడమ పక్కగా, వేలి కొసలతో నేలను పలకరిస్తున్నట్టు, ఒక్కో అడుగే వేశాడు. యాకోబు ప్రార్థన గొణుగుతున్నాడు. సింహాద్రి కూడా మూలగడం ఆపేశాడు. దమయంతి కళ్ళు మూసుకోవాలనుకుంది. తన కోసం నడుస్తున్న మనిషిని చూడకుండా ఉండడం సిగ్గనిపించి తెరిచే ఉంచింది.

ముసలాయన అరచెయ్యి గున్న ఒంటికి తగిలింది.

"బేగి దిగండి," అన్నాడు ఆయన, ఏమీ జరగనట్టు. "కాలుతున్నాది."

సింహాద్రిని దుప్పట్లో వేసి నలుగురు మోశారు. యాకోబు వాళ్ళ వెనక. దమయంతి చివర దిగింది. ఆ లోయకు వచ్చి ఏడాది దాటింది. శిబిరం కంచె బయట నేల మీద ఆమె కాలు పడడం అదే మొదటిసారి. అడుగు ముందుకు పడలేదు. ఒయానా వెనక్కి తిరిగి ఆమె రెండు చేతులూ తీసుకుని తన భుజాల మీద పెట్టుకుంది.

"నా మడం సూసుకుంటా రా సెల్లీ. నా మడం లేచిన సోట నీ కాలు పెట్టు. ఇంకేటీ సూడొద్దు."

రాతి వాలు చేరి వెనక్కి తిరిగేసరికి గున్న మండుతోంది. దమయంతి చేతులెత్తి దానికి దండం పెట్టింది. ఆ పక్కనే బాటెల్ కూడా తమ పద్ధతిలో నుదుట చెయ్యి ఆనించాడు. తరవాత ఆమె అక్కడే రాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. ఒయానా నీళ్ళ డబ్బా అందించి, తాగేదాకా పక్కనే ఉంది.

"రోజూ ఇక్కడ కూకుని మమ్మల్ని సూసేవోళ్ళు కదా అప్పా. మామీద కోపమనుకున్నాను. తలెత్తి సూడ్డానికి మొకం సెల్లలేదు."

"కోపమేటి?" ఒయానా నిజంగానే ఆశ్చర్యపోయింది. "సదువుకుంటన్నాం. నువ్వు నడిపిన తోవ ఇటోళ్ళు కొంత, అటోళ్ళు కొంత సదివి, ఇంటికెల్లి కలుపుకునేవోళ్ళం. ఆ తోవల్లోనే నీళ్ళకెల్తన్నాం, సంతకెల్తన్నాం. నువ్వు మానలేదు కదా తోవ సూపడం, మేమెందుకు మానతాం?"

*

కాలిన బండిని చూడటానికి దాన్ని రూపొందించిన ఇంజనీరు మర్రి సుచరిత వచ్చింది. సిద్దిపేట మనిషి. రెండో గున్న ఈడ్చుకొచ్చిన ఆ ఇనుప ముద్ద చుట్టూ తిరిగి, వంగి, నొక్కుకుపోయిన అడుగుభాగాన్ని చేత్తో తడిమింది. పళ్ళెంలా వంగింది గాని పగలలేదు.

"ముగ్గురు బతికిన్రు," అంది తనలో తను అనుకున్నట్టు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేండ్లు గీసిన గీతలకు ఇదే చాలు నాకు."

"మా అమ్మ మిమ్మల్ని సూత్తే కాళ్ళకి దండమెడతాది మేడమ్," అంది దమయంతి.

"అట్ల కాదు, నాకు పని చెప్పుండ్రి. కొత్త బండిల ఇంకేం పెట్టాల్నో చెప్పుండ్రి."

కాలికి కట్టుతో మంచం మీదున్న సింహాద్రి సామాన్ల పెట్టెకు గట్టి బోల్టులు కావాలన్నాడు. దమయంతి వేరే అడిగింది.

"ఇంకో సీటు పెట్టండి మేడమ్. మా ముగ్గురం ఎక్కడికెల్లాలో దారినేత సెప్తాది. ఊరోళ్ళు ఎక్కడికెల్లాలో దానికి తెలీదు. ఊర్నించి ఒకరు కూకుని సెప్పాల."

ఒప్పుకోవడానికి పైవాళ్ళకు చాలా రోజులే పట్టింది. ఇలియాస్ ఎన్నిసార్లు రాశాడో, ఎవరెవరితో వాదించాడో దమయంతికి పూర్తిగా తెలియదు. మొత్తానికి కొత్త గున్న నాలుగో ఊయలపీటతో వచ్చింది. జాడచెరుపు తీసెయ్యలేదు గాని దాని మీట దమయంతి చేతికి ఇచ్చారు. ముఠాలు తిరిగే గట్ల దగ్గర మాత్రమే వాడాలి. ఊరి దారుల్లో గాడులు ఉండనివ్వాలి. పాత గాడిలో జనం కాలు పెట్టేముందు, గున్న రోజూ దాని పక్కనుంచి వెళుతూ నేలచూపుతో ఒకసారి సరిచూడాలి.

నాలుగో సీట్లో మొదట ఎవరు కూర్చోవాలన్న దానికి ఊరివాళ్ళు చర్చ పెట్టలేదు. ఒయానా వచ్చి ఎక్కింది. దమయంతి ఆమెకు బెల్టు ఎలా బిగించాలో, పాదాలు పట్టీల్లో ఎలా పెట్టాలో చూపించింది. ఒయానా ఊయలపీట మీద చిన్నగా ఊగి నవ్వింది. నేలచూపు తెర వెలగగానే ఆ నవ్వు ఆగింది. పుట్టి పెరిగిన నేల కింద ఏముందో ఆమె మొదటిసారి చూస్తోంది. ఎర్ర చుక్కలను చాలాసేపు, ముఖాలను గుర్తుపడుతున్నట్టు చూసింది.

"సెప్పు అప్పా, ఎటు పోనిమ్మంటావు? వాగుకా, సంతకా?"

ఒయానా కిటికీలోంచి వేలు చూపించింది. అటు వైపు బావి లేదు, పొలం లేదు, ఊరు లేదు. ఒంటరి ముళ్ళచెట్టు ఒకటి, దాని చుట్టూ ఖాళీ నేల.

"అక్కడేటుంది?"

"మా ఆయన ఉన్నాడు," అంది ఒయానా. "మేకల కోసం ఎల్లాడు. పేలిన సప్పుడు మాకు ఇంటికి వినిపించింది. ఆయన చొక్కా సాన్నాళ్ళు వాలు మీంచి కనపడేది. ఎవరం ఎల్లలేకపోయాం. ఎల్తానని మా మామ పరిగెడితే కాళ్ళకి తాడు కట్టి ఆపినాం."

దమయంతి రేడియో తీసి మేజర్‌కు చెప్పింది. ఆయన ఒక్క మాటే అన్నాడు. "తీసుకుపో తల్లీ."

దారినేతకు ఆ చెట్టు చేరే దారి అల్లడం కష్టమైంది. మూడుసార్లు అల్లి, చెరిపి, మళ్ళీ అల్లింది. గున్న చెట్టు పక్కన ఆగినప్పుడు ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది. నేలచూపుతో చుట్టూ చూసుకుని, దమయంతి వెనక తలుపు తెరిచింది. ఒయానా, దమయంతి గాడిలోకి దిగారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో, ముళ్ళచెట్టు మొదట్లో ఉన్నాడు ఆయన. ఎండకు, వానకు తెల్లబడి, చాలా కొద్దిగా మిగిలి ఉన్నాడు. మేక మెడకు కట్టే చెక్క గంట ఒకటి పక్కన ఉంది.

ఒయానా మోకాళ్ళ మీద కూర్చుని కొత్త బట్ట పరిచింది. తొందరపడలేదు. ఒక్కొక్కటీ తీసి, మట్టి తుడిచి, పసిబిడ్డకు స్నానం చేయించాక పడుకోబెట్టినట్టు పెట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. మాటవారధి ఆ మాటలను అందుకోబోతుంటే దమయంతి దాన్ని ఆపేసింది.

అన్నీ అయ్యాక ఒయానా మూట ముడి వేసి లేచింది. వెనక గాడి పొడవునా ఊరు వచ్చి నిలబడి ఉంది. అందరికన్నా ముందు బాటెల్. ఆయన తన కొడుకు ఎముకల మూట మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అలాగే తీసుకెళ్ళి గున్న ఒంటి మీద వేశాడు. దమయంతి మాటవారధి మీట తిప్పింది.

"ఈ బండి పుట్టకముందు పోయినాడు," అన్నాడు ముసలాయన. "అయినా ఇంటికి తెత్తన్నాది."

"ఎక్కండి అప్పా, తాతా. ఇంటికెల్దాం," అంది దమయంతి.

ఒయానా తల అడ్డంగా ఊపి మూటను ఆమె చేతుల్లో పెట్టింది. "నాను నడుత్తాను సెల్లీ, మా మామా నడుత్తాడు. మాకు కాళ్ళున్నాయి. ఆయన్ని కూకోబెట్టు."

దమయంతి మూటను నాలుగో ఊయలపీట మీద పెట్టింది. బెల్టు తెచ్చి అడ్డంగా బిగించి, వదులుగా ఉందేమోనని లాగి చూసి, ఇంకొంచెం బిగించింది. యాకోబు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గున్న కదిలింది. కుడి గాడిలో తండ్రి, ఎడమ గాడిలో భార్య, వాళ్ళ వెనక ఊరంతా ఇంటిదారి పట్టారు.